గొంతు దాచిన పెట్టె

పోయినవారం కళ్ళద్దాలాయన్ని ఎక్కడ వదిలేసి వచ్చామో గుర్తుందిగా? అతని కళ్ళజోళ్ళ షాపు వెనకగదిలో, అద్దాలు అరగదీసే మిషన్ పక్కన, నల్లటి స్క్రీను ముందు గుడ్లప్పగించి కూర్చున్న మనిషిని అలాగే వదిలేశాం. స్క్రీను అతన్ని ఒకే ఒక్క ప్రశ్న అడుగుతోంది: పాస్‌వర్డ్ ఏమిటి? జవాబు ఎక్కడుందో అతనికి తెలుసు. ఆ తెలియడమే అతని ప్రాణానికొచ్చింది.

కొత్తగా చేరినవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పి కదులుతాను. అతని భార్య ఈత నేర్పే కోచ్. గొంతులో గడ్డ లేచి, ఆపరేషన్‌లో స్వరపేటిక మొత్తం తీసేశారు. ఇప్పుడామె ఊపిరి మెడ కింద చేసిన చిన్న రంధ్రంలోంచి నడుస్తుంది. మాట రాదు, ఈల ఊదలేదు, నీళ్ళలోకి దిగకూడదు. అయినా కొలను గట్టున నిలబడి పిల్లలకి ఈత నేర్పడం మానలేదు. ఆపరేషన్‌కి ముందు కొన్ని వారాలపాటు మైకు ముందు కూర్చుని వాక్యాలు చదివి పెట్టింది. ఎవరైనా ఉచితంగా తెచ్చుకుని, లోపల ఏముందో విప్పి చూసుకోగలిగే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం ఒకటి ఆ వాక్యాలు విని ఆమె గొంతు నేర్చుకుంది. ఆమె ఫోన్లో టైపు చేస్తే, షాపు మీది ఇంట్లో చెప్పుల స్టాండు పక్కనున్న కంప్యూటర్ ఆ మాటల్ని ఆమె గొంతుతో పలికి తిరిగి ఫోన్‌కి పంపేది. ఆ పెట్టె మొన్న క్లాసు మధ్యలో చచ్చూరుకుంది. ఆమె చేతిలో ఫోను మూగబోయింది. బాగుచేసేవాడు డిస్కు చూసి పెదవి విరిచాడు.

పెట్టెలో ఉన్న వాటన్నిటికీ బ్యాకప్ షాపులో ఉంది, భద్రంగా, తాళం వేసి. తాళం తాలూకు పాస్‌వర్డ్ మాత్రం పాస్‌వర్డ్‌లన్నీ దాచుకునే ఇంకో ప్రోగ్రాంలో ఉంది. ఆ ప్రోగ్రాం ఉన్నది చచ్చిన పెట్టెలోనే. ఫోన్లో దానికో నకలు ఉండేది కానీ, కొత్త ఫోను కొన్నప్పుడు మళ్ళీ పెట్టుకోవడం మర్చిపోయాడు.

ఇంకెవరైనా ఈ పని చేసుంటే నవ్వి ఊరుకుందుం. ఇతను అలాంటిలాంటి మనిషి కాదు. కంప్యూటర్ల గురించి జనం పోట్లాడుకునే ఒక ఫోరంలో ఇతను పెద్ద తలకాయ. అక్కడ ఇతని పేరు ‘సొంతిల్లు’. ఫోటోలు, పాటలు, ఉత్తరాలు, చివరికి కొనుక్కున్న ఆటలు కూడా మన ఇంట్లో, మన పెట్టెలో, మన తాళం కింద ఉండాలని వాదించి వాదించి ఎంతమందికి నిద్ర లేకుండా చేశాడో లెక్కలేదు. తాళం పాస్‌వర్డ్‌ని కాగితం మీద రాసేవాడంత అమాయకుడు లేడని ఒక పెద్ద వ్యాసమే రాశాడు. అది చదివి చాలామంది తమ కాగితాలు చింపుకున్నారు కూడా.

ఇతనికి సరిజోడు ఒకడున్నాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఇతన్ని ఏడిపించడానికే ‘అద్దెవాడు’ అని పేరు పెట్టుకుని ఫోరంలో చేరాడు. నాకు సొంతమంటూ ఏమీ అక్కర్లేదు, నా సరుకంతా పెద్ద కంపెనీల పెట్టెల్లోనే ఉంటుంది, పాడైతే వాళ్ళు చూసుకుంటారు, నేను కాళ్ళు చాపుకుని పడుకుంటానంటాడు. కోచ్ గొంతు సంగతి వచ్చినప్పుడు కూడా, అంత విలువైనదాన్ని ఇంట్లో చెప్పుల పక్కన పెడతావా అని నిలదీసింది ఈ అద్దెవాడే. “నా పెళ్ళాం గొంతు ఇంకొకడి కొట్లో పెడితే రేపు దాంతో సబ్బులమ్ముతారు” అని మనవాడు బదులిచ్చాడు. వారమంతా ఆ పోట్లాట సాగింది. విచిత్రమేమిటంటే, పగలంతా ఇలా జుట్టు పట్టుకునేవాళ్ళే సాయంత్రమయ్యేసరికి కోచ్‌ని కూడా కలుపుకుని ముగ్గురూ ఒకే ఆట ఆడేవాళ్ళు. చిల్లులు పడి మునిగిపోతున్న ఓడని గట్టుకి చేర్చే ఆట అది. ఒకరు చుక్కాని పట్టాలి, ఒకరు చిల్లులు మూయాలి, ఒకరు కేకలెయ్యాలి. కేకలెయ్యడం ఎవరి పనో చెప్పక్కర్లేదు. అద్దెవాడు ఆమెని అక్కా అనేవాడు. ఆ వరసన కళ్ళద్దాలాయన బావ అయ్యాడు. ఇక మాటలనుకోవడానికి కొత్త హక్కే దొరికినట్టయింది. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు ఎప్పుడూ చూసుకోలేదు. అంటే, మొగుడూ పెళ్ళాలు చూసుకున్నారనుకోండి.

ఆపరేషన్ తర్వాత ఆమె ఆ ఆట ముట్టుకోలేదు.

ఇక ఈ వారం సంగతి. ఆదివారం పొద్దున్న ఆమె కొలనుకి వెళ్ళాక, అతను ఫోరంలో జరిగిందంతా పూసగుచ్చినట్టు రాసి పెట్టేశాడు. పెట్టె పోయింది, బ్యాకప్ ఉంది, తాళం తెరవలేను, తప్పు నాదే, నేను రాసిన వ్యాసం నమ్మి కాగితాలు చింపుకున్నవాళ్ళు దయచేసి మళ్ళీ రాసుకోండి. ఎవరి దగ్గరైనా దారి ఉంటే చెప్పండి.

దారి ఎవరి దగ్గరా లేదు. అంత గట్టి తాళాన్ని వెతికి వెతికి ఎంచుకున్నది తనే. ఎన్నాళ్ళుగానో కాచుకున్నవాళ్ళు మాత్రం బిలబిలమంటూ వచ్చిపడ్డారు. సొంతిల్లు బయట సొంతిల్లు నిలబడ్డాడని ఒకడు, చెప్పుల స్టాండుని అడిగి చూడమని ఒకడు. కొందరు మంచిగానే మాట్లాడారు, ఆమెకి ఎలా ఉందని అడిగారు. ఆ మంచి మాటలే అతన్ని ఎక్కువ కోశాయి. అద్దెవాడు మాత్రం నోరు విప్పలేదు. చదివినట్టు గుర్తు కనబడుతోంది, జవాబు లేదు. గెలిచినవాడు మాట్లాడకపోతే ఓడినవాడికి ఇంకా మంట. నవ్వేదేదో నవ్వేసిపోవచ్చుగా అనుకుంటూ అతను స్క్రీను ముందు నుంచి లేవలేదు.

మధ్యాహ్నం ఆమె వచ్చింది. మెడకి పల్చటి స్కార్ఫు, ట్రాక్ సూటు, ఒంటినిండా కొలను నీళ్ళలో కలిపే మందు వాసన. చంకలో తెల్లబోర్డు. ఎవరెంత వేగంగా ఈదారో గట్టున రాసుకునే చిన్న బోర్డు అది; ఈ మధ్య అదే ఆమె నోరు. తడి తువాళ్ళ సంచి కింద పడేసి, కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుని, ఫోను తీసి అతని ముందు పెట్టింది. అందులో ఫోరం తెరిచి ఉంది. పొద్దున అతను రాసినదే.

అతని మొహంలో నెత్తురుచుక్క లేదు. ఇప్పటిదాకా ఆమెతో రిపేరు అవుతోంది, అవుతోంది అని నెట్టుకొస్తున్నాడు మరి.

“నువ్వు ఫోరం చదువుతావని నాకు తెలీదు” అన్నాడు.

ఆమె రాసి తిప్పింది. ‘చదువుతాను. నీ గొడవలే నాకు సీరియల్.’

తుడిచింది. మళ్ళీ రాసింది. ఈసారి నెమ్మదిగా, అక్షరం మీద అక్షరం నొక్కిపెడుతూ.

‘పెట్టె పోయిందని కాదు. ముందు వాళ్ళకి చెప్పావు.’

అతను కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. చొక్కాతో తుడవకండి, గీతలు పడతాయని షాపుకొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పే మనిషి. వాళ్ళు తిడతారని తెలిసే రాశానన్నాడు. నాలుగు తిట్లు తింటే గుండె కాస్త తేలికపడుతుందనిపించిందన్నాడు. “నువ్వైతే...” అని, అంతటితో నాలుక్కరుచుకున్నాడు. నువ్వైతే తిట్టలేవు కదా అనబోయాడు. ఆమెకది వినబడనే వినబడింది.

ఆమె మార్కరు మూత పళ్ళతో లాగి, బోర్డు నిండా, ఈ చివర నుంచి ఆ చివరకి, పెద్ద పెద్ద అక్షరాలతో ఒకే ఒక్క మాట రాసి అతని మొహానికి ఆనించింది. ఆ మాట ఇక్కడ అచ్చువేస్తే ఎడిటరుగారు ఒప్పుకోరు. అతను చదివాడు. చదివి, చాలా రోజుల తర్వాత, నవ్వొచ్చి నవ్వాడు. ఆమె భుజాలు కూడా కదిలాయి. ఆమె నవ్వు ఇప్పుడు భుజాల్లోనే ఉంటుంది.

తర్వాత ఆమె ఇంకో సంగతి బయటపెట్టింది. ఆ పెట్టె గొంతు తనకి మొదటినుంచీ అంతగా నచ్చలేదట. ఆ వాక్యాలు చదివినప్పుడు ఎవరో పరీక్ష పెడుతున్నట్టు బుద్ధిగా చదివింది. అందుకని అది ఎప్పుడూ బుద్ధిగానే మాట్లాడేది. కాళ్ళు ఆడించరా వెధవా అని టైపు చేసినా, దయచేసి కూర్చోండి అన్నంత మర్యాదగా పలికేది. పిల్లలు దానికి ఇసుమంతైనా భయపడలేదు. అతను నోరెళ్ళబెట్టి వింటున్నాడు. అంటే చదువుతున్నాడు. ఇన్నాళ్ళూ తను ప్రాణంలా చూసుకున్నది ఆమె సర్దుకుపోతున్న వస్తువని అతనికి ఊహకైనా అందలేదు.

“మరి చెప్పలేదేం?”

‘నువ్వు అంత కష్టపడి చేస్తే ఎలా చెప్పను?’ అని రాసింది. తర్వాత కింద, మూలకి, చిన్నగా రాసింది. ‘నచ్చకపోయినా నాదే కదా. అదీ పోయింది.’

అది రాశాక ఆమె కళ్ళు ఆగలేదు. అతను కుర్చీ వదిలేసి నేలమీద, ఆమె కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాడు. ఆమె చెయ్యి తీసుకుని చెంపకి ఆనించుకున్నాడు. మార్కరు సిరా చెంపకి అంటింది. ఆ సంగతి ఇద్దరూ పట్టించుకోలేదు.

అదిగో, సరిగ్గా అప్పుడే బల్లమీది కంప్యూటర్ మోగింది. ఆటలో మాట్లాడుకోవడానికి పెట్టుకున్న లైను. అద్దెవాడు.

“ఇప్పుడొద్దు. వాడి నవ్వు వినే ఓపిక నాకు లేదు” అన్నాడతను. ఆమె వంగి మీట నొక్కేసింది.

“అక్కా, బావా, ఇద్దరూ ఉన్నారా?” అద్దెవాడి గొంతులో వెటకారం లేదు. ఎక్కడో ఖాళీ మేడ పైభాగాన, లిఫ్టు మోటారు గదిలో ఉన్నట్టున్నాడు. మాటకి ప్రతిధ్వని వస్తోంది. “పొద్దుట్నుంచీ ఎలా చెప్పాలా అని చూస్తున్నా. మీరు నన్ను తిట్టాల్సిన సంగతొకటుంది.”

చెప్పాడు. ఆటాడేటప్పుడు రికార్డు చేసుకోవడం అతనికి అలవాటు. అందరివీ కలిపీ, ఒక్కొక్కరి మైకూ విడివిడిగానూ దాచుకునే ఏర్పాటు ఉంది. ఓడ మునిగిన రోజులూ, గట్టెక్కిన రోజులూ అన్నీ ఉన్నాయి. అక్క గొంతు గంటల తరబడి ఉంది. అడక్కుండా దాచిన మాట నిజమే. ఆపరేషన్ అయ్యాక తీసేద్దామని కూర్చున్నాడు కూడా. చెయ్యి రాలేదు.

కళ్ళద్దాలాయన ఎగిరి లేచాడు. “పంపించు. ఇప్పుడే పంపించు. ఆ ప్రోగ్రాం ఉచితమే, మళ్ళీ తెచ్చి నేర్పిస్తా. ఈసారి నువ్వన్న చోటే పెడదాం, పది చోట్ల పెడదాం, నువ్వే గెలిచావు, సరేనా?”

“నేను నిన్నడగట్లేదు బావా.”

“అంటే?”

“ఇన్నేళ్ళూ నువ్వేమో నీ ఇంట్లో ఉండాలన్నావు. నేనేమో ఎవరో గట్టివాళ్ళ దగ్గరుండాలన్నాను. కొట్టుకు చచ్చాం. అక్క ఏమంటుందో మనిద్దర్లో ఒక్కడైనా అడిగాడా? అది నీ పెట్టెది కాదు, నా రికార్డుదీ కాదు. అక్క పంపమంటే పంపుతా. తీసెయ్యమంటే ఇప్పుడే తీసేస్తా.”

ఫోరంలో ఎంత పోట్లాడినా ఏనాడూ తగ్గని మనిషి ఈ ఒక్క మాటకి చప్పున కూలబడ్డాడు. ఆమె వైపు చూశాడు. ఆమె బోర్డు తుడిచి రాసింది. అద్దెవాడికి బోర్డు కనబడదు కాబట్టి చదివి వినిపించాల్సింది ఇతనే. రోజూ షాపులో జనం చేత గోడమీది అక్షరాలు చదివించేవాడు ఇవాళ పిల్లాడిలా తనే చదివాడు.

“‘అడక్కుండా దాచినందుకు నీ పని తర్వాత చెప్తా. ముందు ఒకటి వినిపించు’ అంటోంది.”

అద్దెవాడు అవతల ఏదో మీట నొక్కాడు. గదిలోకి ఆటలోని సముద్రం హోరు వచ్చింది, దాని మీద ఆమె వచ్చింది.

“ఎడమకి తమ్ముడూ! ఎడమకి! అది కుడిరా నాయనా, నీ లిఫ్టులు ఎలా పైకెళ్తున్నాయసలు? ఏయ్ కళ్ళద్దాలూ, ఆ చిల్లు మూస్తున్నావా, దాంతో కబుర్లాడుతున్నావా?” ఆ వెంటనే నవ్వు. మొదట గలగలమని మొదలై, చివరికి ఊపిరందక ముక్కుతో గురక పెట్టినట్టు తెగిపోయే నవ్వు. ఆ గురకకి ఆమె ఎప్పుడూ సిగ్గుపడేది.

అతను మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఇన్నాళ్ళూ పెట్టెలోంచి వచ్చే మర్యాదస్తురాలి గొంతు వినీ వినీ, అసలుది ఎలా ఉండేదో మర్చిపోయాడు. మర్చిపోయానన్న సంగతి ఈ క్షణంలోనే తెలిసింది. ఆమె మాత్రం కళ్ళు మూసుకుని, ఒక చెయ్యి స్కార్ఫు మీద పెట్టుకుని, తల కొద్దిగా ఊపుతూ, అవును నేనే, నేనే అన్నట్టు వింటోంది. చెంపల మీద నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

“‘అన్నీ పంపు’ అంటోంది” అని చదివాడతను.

“పంపుతా అక్కా.” అద్దెవాడు ఆగాడు. “ఒకటి మాత్రం... అందులో బావ లేడు. ఆపరేషన్‌కి ముందురోజుది. షాపు తలుపు ఎవరో కొడితే కిందికెళ్ళాడు చూడు, అప్పటిది. దాన్నేం చెయ్యమంటావు?”

ఆమె చెయ్యి స్కార్ఫు మీద నుంచి మెల్లగా కిందికి జారింది. అతనామెని చాలా రకాలుగా చూశాడు, భయపడుతున్నప్పుడు కూడా చూశాడు, కానీ ఈ మొహం ఎప్పుడూ చూడలేదు. పట్టుబడ్డ మొహం. ఆమె గబగబా రాసింది.

“‘అది వద్దు’ అంటోంది” అని అతను చదివాడు. చదివాక ఇంకేం అడగలేదు.

అద్దెవాడు సరేనన్నాడు. మిగతావన్నీ సాయంత్రంలోపు వచ్చేస్తాయన్నాడు. అది మాత్రం ఉంచుకోవడం ధర్మం కాదు కాబట్టి అక్క ఫోన్‌కి ఒక్కదానికే పంపి తన దగ్గరిది తీసేస్తానని, వినడమో చెరిపెయ్యడమో ఆమె ఇష్టమని చెప్పి, బావని ఒక్క ముక్కా ఏడిపించకుండా లైను పెట్టేశాడు.

ఆమె తువాళ్ళ సంచి తీసుకుని మేడమీద ఇంటి బాల్కనీలోకి వెళ్ళింది. ఒక్కో తువాలూ దులిపి, తీగ మీద వేసి, అంచులు సరిచేసి, సరిచేసినదాన్నే మళ్ళీ సరిచేస్తోంది. అతను కంప్యూటర్ ముందు కూర్చుని వస్తున్న ఫైళ్ళ వంక చూస్తున్నాడు. చూస్తున్నాడే కానీ ఏమీ కనబడటం లేదు. తనకి తెలియనిది, అద్దెవాడికి తెలిసినది, ఏమై ఉంటుంది? మనసు నాలుగు దిక్కులా పరిగెత్తింది. అడుగుదామని రెండుసార్లు లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. నీ గొంతు నీది అని ఇప్పుడేగా ఒప్పుకున్నాడు. ఒప్పుకున్న గంటలోపే పరీక్ష వస్తుందని అనుకోలేదు, అంతే.

ఆమె మెట్లు దిగి వచ్చి అతని పక్కన నిలబడింది. ‘అడగవా?’ అని రాసి చూపించింది.

“అడగను. నువ్వు వినిపిస్తే వింటా” అన్నాడు. అని, ఆ మాట బింకంగా వినిపించిందేమోనని భయపడి, “నిజంగానే” అని చేర్చాడు.

ఆమె ఏదో రాసింది. అతను చదివేలోపు అరచేత్తో తుడిచేసింది. మళ్ళీ రాసింది, మళ్ళీ తుడిచింది. చివరికి బోర్డు బల్లమీద బోర్లించి, హెడ్‌ఫోన్ తీసి తనే అతని చెవులకి పెట్టింది. వైరు తన ఫోన్‌కి గుచ్చి, ఒక్క క్షణం తటపటాయించి, నొక్కింది. పక్క కుర్చీలో కూర్చుని అతని చొక్కా చెయ్యి అంచు పిడికిట్లో పట్టుకుంది, రోడ్డు దాటేటప్పుడు పిల్లలు పట్టుకున్నట్టు.

అతని చెవుల్లో సముద్రం హోరు. దూరంగా తన కుర్చీ జరిగిన చప్పుడు, ఇప్పుడే వస్తానన్న తన గొంతు, మెట్లు దిగుతున్న అడుగులు. ఆ తర్వాత ఆమె. ఓడ మీద కేకలేసే గొంతు కాదు, పెట్టెలోని మర్యాద గొంతూ కాదు. చీకట్లో పక్కన పడుకుని మాట్లాడే గొంతు.

“తమ్ముడూ, ఆయన కిందికెళ్ళాడు. ఒక్క మాట చెప్తా విను. రేపు నేను ఆసుపత్రికి వెళ్ళట్లేదు. గట్టిగా అనుకున్నా. ఈ గొంతు తీసేశాక మిగిలేది నేను కాదు. ఉన్నన్నాళ్ళు ఇలాగే ఉంటా. ఆయనకి ఇంకా చెప్పలేదు. ముందు నీకే చెప్తున్నా.”

అతను తల తిప్పి ఆమె వైపు చూశాడు. ఆమె అతని కళ్ళలోకే చూస్తోంది, చొక్కా అంచు వదలకుండా. ఆ రాత్రి తను మెట్లెక్కి పైకొచ్చాక, ఆమె నవ్వుతూ మళ్ళీ ఓడ మీద కేకలందుకోవడం అతనికి గుర్తుంది. పొద్దున్నే లేచి, తనకంటే ముందే సంచి సర్దుకుని గుమ్మంలో నిలబడటం కూడా గుర్తుంది.

ఈ రెండింటి మధ్య ఏం జరిగింది?

చెవుల్లో అద్దెవాడు గొంతు సవరించుకున్నాడు.

“సరే అక్కా,” అన్నాడు, “బావ మెట్లెక్కి వచ్చేలోపు నిన్నొకటి అడుగుతా. నాకు నిజం చెప్పు.”